ఇంటి అప్పుకి జీతాన్ని బట్టి ఇన్ని రెట్లే అని గీత గీయాలా, వద్దా?

నల్లగండ్ల అద్దెవాసి
నాకు ముప్పై ఏళ్లు. ఐటీ ఉద్యోగం, ఏడాదికి 18 లక్షలు, నెలకి చేతికొచ్చేది 1.20 లక్షలు. తెల్లాపూర్‌లో 90 లక్షలకి ఒక టూ బీహెచ్‌కే చూసుకుని లోన్ కోసం తిరుగుతున్నా. 72 లక్షలు అప్పు తీసుకుంటే, చేతిలో ఉన్న 25 లక్షలు మార్జిన్‌కీ (ఇంటి ధరలో నేను పెట్టుకోవాల్సిన వాటా) రిజిస్ట్రేషన్‌కీ బొటాబొటిగా సరిపోతాయి. లోన్ ఏజెంట్ జీతం స్లిప్పులు చూసి, "సార్, మీకు 98 వస్తుంది. ఇంకా టూ ఎందుకు, అదే గేటెడ్‌లో త్రీ బీహెచ్‌కే 1.30 కోట్లకి ఉంది" అన్నాడు. మార్జిన్ మనీ ఎక్కడిదయ్యా అంటే, దానికి పర్సనల్ లోన్ చూద్దాం అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకూ అది మామూలు సంగతే అనిపించింది.

98 అంటే నా జీతానికి దాదాపు ఐదున్నర రెట్లు. ఐర్లండ్‌లో మొదటి ఇల్లు కొనేవాళ్లకి ఏడాది ఆదాయానికి 4 రెట్లే హద్దు. బ్రిటన్‌లో ఏ బ్యాంకైనా నాలుగున్నర రెట్లు, ఆపైన ఇచ్చే అప్పుల సంఖ్య మొత్తంలో 15 శాతానికి మించకూడదని 2014లో పెట్టారు. మన రిజర్వ్ బ్యాంకు మాత్రం ఇంటి విలువలో ఎంత శాతం ఇవ్వాలో చెబుతుంది గానీ, జీతానికి ఎన్ని రెట్లు ఇవ్వాలో చెప్పదు. చెప్పాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

రిటైర్డ్ లెక్కల మాస్టారు
నేను స్కూలు మాస్టారిని కాదు బాబూ, బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పేరు మా మనవడు పెట్టాడు.

మీరు చెప్పింది నిజమే. అప్పు 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం, అప్పు 75 లక్షల దాకా అయితే 80, ఆపైన అయితే 75 శాతం ఇవ్వొచ్చు. ఇది బ్యాంకును కాపాడే రూలు. మీరు కట్టలేకపోతే ఇల్లు అమ్మి బ్యాంకు బయటపడుతుంది. మీరు బయటపడతారా లేదా అన్నది ఆ రూలుకి పట్టదు.

రెండోది, జీతంలో ఈఎంఐలకి ఎంత పోవచ్చు అనే లెక్క. ఇది ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు పెట్టుకునేది. సగం అని ఒకరు, అరవై శాతం అని ఇంకొకరు. మెలిక ఇక్కడే ఉంది. నెలకి లక్ష జీతం అనుకోండి, ఈఎంఐకి 50 వేలు. 2021లో 6.7 శాతానికి ఇచ్చిన రోజుల్లో 20 ఏళ్లకి ఆ 50 వేల మీద 66 లక్షలు పుట్టేవి, అంటే ఏడాది జీతానికి ఐదున్నర రెట్లు. గడువు 30 ఏళ్లకి సాగదీస్తే 77 లక్షలు. అదే వడ్డీ 9.2 అయితే 20 ఏళ్లకి 55 లక్షలు కూడా రావు. మనిషి అతనే, జీతం అదే. వడ్డీ తగ్గినప్పుడల్లా బ్యాంకు కంటికి అతను పెద్ద ఆసామీ అయిపోతాడు. జీతానికి ఇన్ని రెట్లు అనే గీత మాత్రం వడ్డీతో పాటు జరగదు. దాని బలమంతా అదే.

జరిగిందే చెబుతా. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. 2019 అక్టోబరు తర్వాత తీసుకున్న ఫ్లోటింగ్ లోన్లు, అంటే వడ్డీ మారుతూ ఉండేవి, చాలావరకు దానికే కట్టి ఉన్నాయి. 6.7కి తీసుకున్నవాడికి 9.2 అయింది. కోటి రూపాయలకి 20 ఏళ్ల మీద పాత ఈఎంఐ 75,740. కోటి మీద కొత్త రేటుకి ఒక నెల వడ్డీయే 76,667. ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోతే అసలు మొత్తం తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఇలాంటి కేసులు చూశాకే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, గడువు పెంచుతారా ఈఎంఐ పెంచుతారా అని కస్టమర్‌ని అడగండి, అసలు మొత్తం పెరిగే పరిస్థితి రానివ్వకండి అని బ్యాంకులకి చెప్పాల్సి వచ్చింది.

కూకట్‌పల్లి కిరాణా
మాస్టారూ, మీ లెక్క బాగుంది, కానీ అది జీతగాళ్ల లెక్క. నాది కిరాణా కొట్టు. ఐటీ రిటర్న్‌లో ఆరు లక్షలు చూపిస్తా. 4 రెట్లంటే 24 లక్షలు. కూకట్‌పల్లిలో 24 లక్షలకి కారు పార్కింగ్ కూడా రాదు. ఇప్పుడైతే మేనేజరు కొట్టుకొచ్చి, కరెంట్ అకౌంట్ టర్నోవర్ చూసి, జీఎస్టీ కాగితాలు చూసి, అటూ ఇటూ చేసి 40 దాకా ఇస్తున్నాడు. గీత గీస్తే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు నేనెక్కడికి పోవాలి? రెండు రూపాయల వడ్డీ ఇచ్చేవాడి దగ్గరికే కదా. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీరు కాపాడతానంటున్నది ఎవర్ని?

మియాపూర్ మెట్రో
అన్నా, కొట్టు మీద వచ్చేది పన్నెండు, రిటర్న్‌లో చూపించేది ఆరు. గీత తప్పా, రిటర్న్ తప్పా? ఆఫీసు ఇచ్చే జీతం, పన్ను లెక్కల కాగితం, మా ఫారం 16లో రూపాయి దాగదు. పన్ను దగ్గర పేదవాడు, లోన్ దగ్గర షావుకారు అంటే కుదురుతుందా?

కూకట్‌పల్లి కిరాణా
తమ్ముడూ, పన్నెండు నువ్వు ఊహించుకున్నది. ఉద్దెర ఖాతాల్లో ఇరుక్కున్నది తీసేస్తే ఎంతో నాకే తెలీదు. అయినా సరే, నీ మాటే నిజమనుకో. ఆటో నడిపేవాడు, టిఫిన్ సెంటర్ ఆవిడ, కూరగాయల మడి వేసుకునే రైతు, వీళ్ల సంగతి? వాళ్లది దాచిన ఆదాయం కాదు, కాగితం లేని ఆదాయం. ఐర్లండ్‌లో ఎంతమంది ఉంటారు ఇలాంటోళ్లు?

డబ్లిన్ దుర్గ
ఐర్లండ్ పేరు వచ్చింది కాబట్టి వచ్చాను. మేమిద్దరం ఇక్కడ ఉద్యోగాలు చేస్తూ, ఈ రూలు కిందే ఇల్లు కొన్నాం.

ఇక్కడ ఈ రూలు ఊరికే రాలేదండి. 2007 దాకా బ్యాంకులు విచ్చలవిడిగా అప్పులిచ్చాయి, తర్వాత కూలిపోయాయి. ఇళ్ల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. నాలుగు లక్షల యూరోలు అప్పు ఉన్న ఇంటికి రెండు లక్షలు కూడా రాని పరిస్థితి. ఇక్కడి కొలీగ్స్‌లో కొంచెం పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రోజుల గురించి మాట్లాడితే గొంతు తగ్గించి మాట్లాడతారు. 2015లో సెంట్రల్ బ్యాంకు మూడున్నర రెట్ల హద్దు పెట్టింది. 2023 జనవరి నుంచి మొదటి ఇల్లు కొనేవాళ్లకి 4 రెట్లు చేశారు. పన్ను కోతకి ముందున్న జీతం మీద లెక్క, భార్యాభర్తలిద్దరిదీ కలుపుతారు. ఒకరికి 50 వేలు, ఒకరికి 45 వేలు ఉంటే 3 లక్షల 80 వేల యూరోలు, అంతే. చేతి నుంచి పది శాతం పెట్టుకుంటే 4 లక్షల 22 వేల దాకా ఇల్లు చూసుకోవచ్చు.

మంచి ఏంటంటే, 2022 జులై నుంచి ఏడాది తిరిగేసరికి యూరప్ వడ్డీ రేట్లు 4 శాతానికి పైగా పెరిగాయి. మా ఇంట్లో టెన్షన్ పడ్డాం, నిజమే, కానీ తిండి మానుకునేంత కాదు. మొదట్లోనే అంత అప్పు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి.

చెడు కూడా వినండి. ఈ రూలు వల్ల ఇళ్ల రేట్లు తగ్గుతాయని అనుకుంటే పొరపాటు. డబ్లిన్‌లో సరిపడా ఇళ్లు కట్టడం లేదు, రేట్లు పెరుగుతూనే ఉన్నాయి. అద్దెలు ఎలా ఉంటాయంటే, అద్దె ఈఎంఐ కన్నా ఎక్కువ కడుతున్నవాళ్లని కూడా "నీ జీతానికి అంత అప్పు ఇవ్వం" అంటారు. మేం కొనే ముందు మూడేళ్లు మా పరిస్థితి అదే. అప్పుడు ఈ రూలుని ఎన్ని తిట్లు తిట్టానో మా ఆయన్ని అడగండి.

ఊరి నుంచి వచ్చినోడు
దుర్గ గారు చివర్లో చెప్పిందే నా పాయింటు. మా కొలీగ్ ఒకడున్నాడు, వాళ్ల తాతకి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం ఉండేది. అది అమ్మి కోటిన్నర ఫ్లాట్ మొత్తం డబ్బు పెట్టి కొన్నాడు. వాడికి ఏ గీతా తగలదు. అమెరికా నుంచి డాలర్లు పంపేవాడికీ తగలదు. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె, ఉన్నది అర ఎకరం మెట్ట. నాకున్న ఆస్తి నా జీతం పెరుగుదల ఒక్కటే. 26 ఏళ్లకి 9 లక్షలు, ఐదేళ్లలో 20 అవుతుందని నమ్మకం. ఈరోజు జీతానికి 4 రెట్లే అంటే, రేపటి జీతం మీద నాకు అప్పు పుట్టదు. వెనక ఆస్తి ఉన్నవాళ్లే ఇల్లు కొనుక్కునే రూలు అవుతుంది ఇది. ఫ్లోటింగ్ లోన్ ముందే తీర్చేస్తే పెనాల్టీ కూడా లేదు. జీతం పెరిగాక నేనే గబగబా కట్టేస్తాను, మధ్యలో ఈ కాపలా ఎందుకు?

మియాపూర్ మెట్రో
ఐదేళ్లలో 20 అవుతుందని నేనూ అనుకున్నా బ్రదర్. గత ఏడాది లేఆఫ్‌లో పోయింది. నాలుగు నెలలు ఇంట్లో. ఈఎంఐ 61 వేలు. మా ఆవిడ గొలుసు గోల్డ్ లోన్‌లో ఉంది, ఇంకా విడిపించలేదు. నాకు లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు రూలేమీ తప్పలేదు. తప్పలేదనే నా బాధ. ఇంతకంటే ఎక్కువ రాయను.

స్వయం సహాయక అక్క
నేను వరంగల్ వైపు మహిళా సంఘాల్లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నా. మీ కోట్ల సంగతి నాకు తెలీదు గానీ ఒకటి అడగాలనిపించింది. 2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్స్ గొడవ గుర్తుందా? ఒక్కో ఆడమనిషికి మూడు నాలుగు కంపెనీల అప్పులు, వారం వారం ఇంటి ముందు కూర్చోవడాలు, ప్రాణాలు తీసుకోవడాలు. ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చారు. ఇప్పుడు, 2022 నుంచి, దేశమంతా రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది: ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి మైక్రో ఫైనాన్స్ అప్పు ఇవ్వాలంటే, అన్ని అప్పుల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు.

అంటే బర్రె కొనుక్కునే ఆమెకి ఆదాయాన్ని బట్టి గీత ఉంది. ఆమెకి ఫారం 16 లేదు, రిటర్న్ లేదు. ఇంటికెళ్లి, పాలెన్ని, కూలి ఎన్ని రోజులు, ఖర్చెంత అని అడిగి రాసుకుంటారు. కిరాణా అన్నా, కాగితం లేని ఆదాయం కొలవడం కుదరదన్నావు. మా దగ్గర కొలుస్తున్నారు. సరిగ్గా కొలుస్తున్నారా అంటే అది వేరే సంగతి, తక్కువ ఉన్నచోట ఎక్కువ రాసే ఫీల్డ్ వాళ్లనీ చూశాను. కానీ మా మీద ఆ రూలు పెట్టినప్పుడు "అప్పు తీసుకునే స్వేచ్ఛ" అని ఇంత చర్చ ఎవరూ చేయలేదు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు
అమ్మా, నా సర్వీసంతా లోన్ల మధ్యే గడిచింది, ఈ పోలిక నాకు తట్టలేదు.

కిరాణా గారి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే గీత ఒక్కొక్క మనిషి మీద కాకుండా బ్యాంకు మొత్తం మీద ఉండాలంటాను. న్యూజిలాండ్‌లో 2024 జులై నుంచి అలాగే చేశారు. సొంతానికి ఇల్లు కొనేవాళ్ల విషయంలో, మొత్తం అప్పులు ఆదాయానికి 6 రెట్లు దాటే లోన్లు బ్యాంకు ఇచ్చే కొత్త లోన్లలో 20 శాతం దాకా ఉండొచ్చు. మేనేజరుకి తెలిసిన కొట్టు, నమ్మకమైన కొట్టు, ఆ 20లో పడుతుంది. దానితో పాటు గడువు మీద కూడా హద్దు ఉండాలి. 30 ఏళ్లు అనేసరికి అందరి లెక్కలూ అందంగా కనిపిస్తాయి.

కూకట్‌పల్లి కిరాణా
మాస్టారూ, మీరు పెద్దవారు, కానీ ఆ 20 శాతంలోకి మా కొట్టు ఎక్కుతుందని నిజంగా నమ్ముతున్నారా? నలభై లక్షల నా ఫైలు, రెండు కోట్ల ఐటీ జంట ఫైలు, రెండూ టేబుల్ మీద ఉంటే టార్గెట్ ఉన్న మేనేజరు దేన్ని ఆ కోటాలో పెడతాడు?

రిటైర్డ్ లెక్కల మాస్టారు
రెండు కోట్లదే పెడతాడు. నేనైనా అదే పెట్టేవాణ్ణి. అయితే చిన్న లోన్లని, 50 లక్షల లోపువి అనుకుందాం, ఈ గీతలోంచే తప్పించాలి. మీ మాటకి నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

కూకట్‌పల్లి కిరాణా
అలా అయితే నాకు గొడవ లేదు. రాసిస్తారా రిజర్వ్ బ్యాంకుకి?

నల్లగండ్ల అద్దెవాసి
నేను అడిగింది రూలు గురించి, కానీ రెండు రోజులుగా మీ పోస్టులన్నీ మా ఆవిడకి చదివి వినిపిస్తూ మా సంగతే మాట్లాడుకున్నాం. త్రీ బీహెచ్‌కేకి లోన్ 97.5 లక్షలు, 8 శాతానికి 30 ఏళ్ల మీద ఈఎంఐ 71,500. మార్జిన్ 32.5, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం చొప్పున ఇంకో 9.75. నా 25 పోగా 17 లక్షలకి పైగా పర్సనల్ లోన్, దాని కిస్తీ వేరే. టూ బీహెచ్‌కేకి 72 లక్షలు, ఈఎంఐ 52,800. సరిగ్గా ఐర్లండ్ వాళ్ల 4 రెట్లు, నేను కావాలని పెట్టుకున్నది కాదు. అమ్మానాన్న వస్తే హాల్లో దివాన్ వేద్దాం అంది మా ఆవిడ. నాన్నకి ఫోన్ చేస్తే, ఆయనకి కావాల్సింది బాల్కనీ అట, ఎన్ని గదులైనా ఫర్వాలేదట.

ఏజెంట్‌కి చెప్పేశా. "సాంక్షన్ వచ్చేది వదులుకుంటున్నారు సార్" అని చాలా బాధపడ్డాడు. రేపు ఓనర్‌ని కలుస్తున్నా, 90కి రెండు తగ్గించమని అడుగుతా. మాస్టారూ, కాగితాల్లో ఏం చూసుకోవాలి?

రిటైర్డ్ లెక్కల మాస్టారు
ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్, 30 ఏళ్లకి తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ (పాత అమ్మకాల కాగితాలు) ఒరిజినల్స్ చూపించమనండి. ఓనర్‌కి దాని మీద లోన్ ఉంటే ఇంకా ఎంత బాకీ ఉందో చెప్పే బ్యాలెన్స్ లెటర్ బ్యాంకు దగ్గర తీసుకోమనండి. అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.