పుర్రె కొలతలతో స్థానికుడా, వలసకూలీనా తేల్చగలమా?

ఫోరెన్సిక్ పీజీ, నెల్లూరు:
పెన్న ఇసుకలో దొరికిన ఎముకలు. కటి ఎముకను బట్టి మగమనిషే. పుర్రె గరిష్ఠ పొడవు 182 మి.మీ., వెడల్పు 134. కొలతల్ని పోల్చి పుర్రె ఏ జనసమూహానిదో అంచనా కట్టే ఫోర్‌డిస్క్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక గుంపుకు పోస్టీరియర్ 0.82, టిపికాలిటీ 0.02 వచ్చాయి. ఎస్సై గారు అడుగుతున్నది ఒకటే: ఇక్కడివాడా, రొయ్యల చెరువుల పనికొచ్చిన ఉత్తరాది కూలీనా? పైదవడ ముందుపళ్లు బతికుండగానే ఊడి, చిగురెముక అరిగిపోయింది. రిపోర్టులో ఏం రాయాలి?

ఆంత్రోపాలజీ, ఒంగోలు:
ఆ 0.82ని రిపోర్టులోకి ఎక్కించకండి. మీరు టిక్కు పెట్టిన గుంపుల్లో ఏది కాస్త దగ్గరో చెప్పే అంకె అది. అన్ని గుంపులవీ కలిపితే 1 అయ్యేలా పంచుతుంది కాబట్టి, అసలు గుంపు జాబితాలో లేకపోయినా ఎవరో ఒకరికి అంటగడుతుంది. చూడాల్సింది 0.02ని. ఆ గుంపులో ఇంత ఎడంగా ఉండేవాళ్లు నూటికి ఇద్దరే అని దానర్థం. 0.05 లోపుంటే ఆ గుంపును కొట్టేయాలి. ఇలా రావడంలో వింతేమీ లేదు. ఫోర్‌డిస్క్ పోలికకు వాడేవాటిలో, ఆంత్రోపాలజిస్టు హోవెల్స్ కొలిచిన 2,524 పుర్రెల్లో అండమాన్ వాళ్లవి ఉన్నాయి గానీ మన ప్రధాన భూభాగానివి లేవు. ఫోరెన్సిక్ డేటా బ్యాంకులోవేమో ఎక్కువగా అమెరికా కేసులు.

ఫోరెన్సిక్ పీజీ, నెల్లూరు:
మరి కపాల సూచిక (పొడవులో వెడల్పు శాతం) 73.6 వచ్చింది కదా సార్, పొడవు తల అని రాయొచ్చా?

అనాటమీ, నెల్లూరు:
వర్ణనగా రాయండి, దాన్నుంచి ఊరు మాత్రం లాగొద్దు. వెడల్పు 3 మి.మీ. పెరిగి 137 అయితే సూచిక 75.3, అంటే 75 దాటి మధ్యస్థ తల వర్గంలోకి మారిపోతుంది. తడి ఇసుక బరువుకు పుర్రె వంగినా, అతుకులు విడినా అంత తేడా తేలిగ్గా వస్తుంది. పుర్రెను నీడన ఆరబెట్టి, కుడిఎడమలు పోల్చి చూశాకే కొలవండి. పొడవుకి స్ప్రెడింగ్ కాలిపర్ ఒక మొన గ్లాబెల్లా (కనుబొమల మధ్య ఉబ్బు) మీద నిలిపి, రెండోది వెనక మధ్యరేఖ వెంబడి పైకీ కిందికీ జరుపుతూ గరిష్ఠం పట్టాలి. వెనక పొడుచుకొచ్చిన బొడిపె మీద పెడితే అంకె తప్పుతుంది. వెడల్పుకి రెండు మొనలూ ఒకే ఎత్తులో, చెవి పైనున్న ఎముక గట్టుకి ఎగువన ఉండాలి. ఇద్దరు విడివిడిగా కొలిచి, తేడా 1 మి.మీ. దాటితే మళ్లీ తీయండి. చిగురెముక అరిగింది కాబట్టి ప్రోస్థియన్‌తో (పైదవడ ముందుపళ్ల నడుమ చిగురెముక అంచు బిందువుతో) ముడిపడ్డ కొలతలన్నీ ఖాళీగా వదిలేయాలి, అంచనా వేసి నింపకూడదు.

ఆంత్రోపాలజీ, ఒంగోలు:
ఎస్సై గారి ప్రశ్న వంశం గురించి కాదు, అతను ఎక్కడ పెరిగాడన్నది. దానికి మొదటి దవడపన్ను పనికొస్తుంది. దాని ఎనామెల్ పుట్టుక నుంచి సుమారు మూడేళ్లలోపు ఏర్పడి, మళ్లీ మారదు. అందులో స్ట్రాన్షియం ఐసోటోపులు ఆ వయసులో తిన్న తిండి, తాగిన నీళ్లు ఏ నేలవో చూపిస్తాయి, పోల్చడానికి ఆయా ప్రాంతాల విలువలు దొరికితే. డీఎన్ఏకి పెట్రస్ ఎముక (లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముక), ఇంకో పన్ను విడిగా, పొడిగా, కాగితం కవర్లో సీల్ చేయండి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకి బూజు పడుతుంది. తప్పిపోయినవాళ్ల ఫొటోలుంటే సూపరింపోజిషన్‌కి (పుర్రె బొమ్మను ఫొటో మీద పెట్టి సరిపోల్చడానికి) పుర్రెతోపాటు కింది దవడా పంపాలి.

1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కు సూచికతో (ముక్కు పొడవు, వెడల్పుల నిష్పత్తితో) కులాలకు మెట్లు కట్టాడు. కొలతల నుంచి కులమో ప్రాంతమో ఊహించే వాక్యం ఒక్కటి కూడా మన రిపోర్టులో ఉండకూడదు. ఇలా రాయండి: "కొలతలు జతపరిచాము. పోల్చదగిన రిఫరెన్స్ నమూనా లేనందున జనసమూహం నిర్ధారించలేదు."