పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు చవక డాంగిల్ చాలదా?

రీలుముక్క: పాత పెళ్లి క్యాసెట్లు డిజిటల్ చేద్దామని హైదరాబాద్ సిటీలో ఏ ఎడిటర్ మొదలుపెట్టినా వచ్చే సలహా ఒక్కటే: లాస్‌లెస్‌గా (ఏ వివరమూ పోకుండా) పట్టు, టీబీసీ (లైన్ల టైమింగ్ సరిచేసే పెట్టె) కొను. నేను ఒప్పుకోను. వీహెచ్‌ఎస్‌లో ఉండే వివరమే 240 లైన్లు. వీసీఆర్ సిగ్నల్‌ను కంప్యూటర్లోకి తెచ్చే యూఎస్‌బీ డాంగిల్ పెట్టి 720×576లో, 6 ఎంబీపీఎస్ హెచ్.264గా (కుదించిన వీడియోగా) నేరుగా రికార్డు చేస్తే గంటకు 2.7 జీబీ. లాస్‌లెస్ పద్ధతి హఫ్‌వైయూవీలో అదే గంట 30 జీబీ దాటుతుంది. ఇంట్లోవాళ్లు చూసేది ఫోన్లో. మూడు గంటల పెళ్లికి వంద జీబీ దేనికి?

ఫీల్డ్‌ఆర్డర్: అన్నా, ఆ 240 అడ్డం లెక్క. నిలువున పాల్‌లో (మన టీవీ పద్ధతిలో) కనిపించే 576 లైన్లూ టేపు మీద ఉన్నాయి, సెకనుకు 50 ఫీల్డులుగా (సగం లైన్లుండే అర ఫ్రేములుగా). డాంగిల్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ మామూలుగా వాటిని కలిపేసి 25 ఫ్రేములు చేస్తుంది, సగం కదలిక అక్కడే పోతుంది. తలంబ్రాల షాట్ రెండు రకాలుగా పట్టి చూడండి. 50 ఫీల్డుల్లో బియ్యం దోసిట్లోంచి సాఫీగా జారుతుంది, 25లో దువ్వెన పళ్లలాంటి గీతలు తేలతాయి. పైగా టేపు నాయిస్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది. ఉన్న 6 ఎంబీపీఎస్ దాని మీదే ఖర్చయి, వెనకాల పందిరి గళ్లు గళ్లుగా విడిపోతుంది.

వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల ఫార్మాట్ వైయూవై2, వీడియో పద్ధతి పాల్-బి, ఆడియో 48 కిలోహెర్ట్జ్, డీఇంటర్లేస్ (ఫీల్డులను కలపడం) ఆఫ్. రికార్డు నొక్కే ముందు హిస్టోగ్రామ్ (వెలుగు స్థాయిల గ్రాఫు) తెరిచి, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ కదిపి వెలుగు 16–235 మధ్య పెట్టాలి. అప్పట్లో వీడియో లైటు నేరుగా ముఖం మీద కొట్టేవాళ్లు. లెవెల్స్ చూడకుండా పడితే పెళ్లికూతురి నుదురు, చీర జరీ అంచు తెల్లగా పేలిపోతాయి, తర్వాత ఏ గ్రేడింగూ (రంగుల సవరణ) వాటిని వెనక్కి తేలేదు. పక్కల నల్ల అంచు, అడుగున హెడ్ స్విచింగ్ చారలు (వీసీఆర్ ఒక హెడ్ నుంచి ఇంకోదానికి మారేచోట వచ్చేవి) లెక్కలోకి రాకుండా క్రాప్ పెట్టి చూడాలి.

కోఠి_సోల్డర్: సెట్టింగులు మంచిగ చెప్పినవ్ తమ్మీ, గని టీబీసీ లేకుంటే మండపం స్తంభాలు వంకరపోతయి. టేపు సాగుడు, డ్రమ్ము తిరుగుడుల తేడాతోని ఒక్కో లైను ముందో ఎనకో మొదలైతది. పానసోనిక్ ఈఎస్10, ఈఎస్15 డీవీడీ రికార్డర్ల లైన్ ఇన్‌కు ఇచ్చి లైన్ అవుట్‌లకెల్లి తియ్యి, చాలు. డిస్కు ఏసే పనే లేదు. లైన్-ఇన్ ఎన్‌ఆర్ (నాయిస్ తగ్గించేది) మాత్రం ఆఫ్ చెయ్యాలె, లేకుంటే కదిలే చెయ్యి ఎనక నీడ వడ్తది. బయటికి ఎస్-వీడియోల తియ్యి. ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల పాత మిషన్లు ఎతికేటోళ్లు ఒకటి యాదుంచుకోండ్రి: ప్లేయర్ గాదు, రికార్డర్ గావాలె, ఎనక ఇన్‌పుట్ సాకెట్లు ఉండాలె.

రీలుముక్క: అది దొరికేదాకా క్యాసెట్ బాగుంటుందా? 50 ఫీల్డులే కావాలంటే దానికీ దారుంది. లాస్‌లెస్‌గా పట్టి, ఎక్స్264 ఎన్‌కోడర్‌లో టీఎఫ్‌ఎఫ్ (పై ఫీల్డు ముందు) పెట్టి సీఆర్‌ఎఫ్ (నాణ్యత స్థాయి) 16లో ఇంటర్లేస్డ్‌గానే, అంటే ఫీల్డులు విడిగానే దాచి, పెద్ద ఫైలు తీసేయొచ్చు.

ఫీల్డ్‌ఆర్డర్: తీసేయొద్దు. ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే ఇంకో లాస్‌లెస్ పద్ధతిలోకి మారిస్తే ఒక్క పిక్సెల్ మారకుండానే సైజు తగ్గుతుంది. ఫోన్ కాపీ వేరే: క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేస్ ఫిల్టర్‌తో 50పీ (సెకనుకు 50 పూర్తి ఫ్రేములు) చేసి, అడుగున 8 లైన్లు నలుపుతో కప్పి, అప్పుడు హెచ్.264.

నెగటివ్‌కట్: అందరూ మెషీన్ దగ్గరే ఆగిపోయారు. ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న క్యాసెట్లో తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని వీసీఆర్‌లో పెడితే హెడ్లకు అంటుకుని, ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. పక్కన పెట్టేయండి. శుభ్రంగా ఉన్నదాన్ని మాత్రం ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పితే బిగువు సమానమవుతుంది.

హెడ్లకు దూది పుల్లలు వద్దు, పోగు చిక్కుకుంటే హెడ్ విరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ తోలును డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోండి, రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దకూడదు. ఫునాయ్ 2016లో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్‌లు రావడం లేదు, కాబట్టి ఉన్న హెడ్‌ను కాపాడుకోవాలి.

కోఠి_సోల్డర్: రీలుముక్కన్నా, రికార్డర్ దొరకకుంటే ఇంకో తొవ్వ ఉన్నది. వీసీఆర్ హెడ్ యాంప్లిఫయర్ టెస్ట్ పాయింట్ల కాడ ఆర్‌ఎఫ్ సిగ్నలే (హెడ్ చదివిన ముడి సిగ్నల్) పట్టుడు. మధ్యల సిరామిక్ కెపాసిటర్, కోయాక్స్ తీగ, బీఎన్‌సీ సాకెట్. గివన్నీ కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయి. కోనెక్సంట్ సీఎక్స్2388ఎక్స్ చిప్ ఉన్న పాత పీసీఐ టీవీ కార్డు 28.6 మెగాహెర్ట్జ్‌ల శాంపిల్ చేస్తది, గంటకు 100 జీబీ పైనే. వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే సాఫ్ట్‌వేర్ టీబీసీ పని అంత తనే చేస్తది. మూత తీసే ముందు ప్లగ్గు పీకాలె. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై బోర్డు) పెద్ద కెపాసిటర్ల 300 వోల్టుల మీదనే నిలుస్తది, అది దిగేదాక చెయ్యి పెట్టొద్దు.

రీలుముక్క: ఆడియో సంగతేంటి? పెళ్లి క్యాసెట్లు ఎక్కువగా మోనో.

కోఠి_సోల్డర్: మోనో ట్రాక్ ఆర్‌ఎఫ్‌ల రాదు. లైన్ అవుట్‌లకెల్లి ఏరే రికార్డ్ చేసి టైమ్‌లైన్ల కలపాలె. రెండిటి క్లాకులు ఏరేరే కావట్టి గంట దాటంగనే పెదవులు తప్పుతయి. మొదట్ల ఒకటి, ఆఖరుకు ఒకటి చప్పట్ల షాటో బాజా దెబ్బనో పట్టుకొని ఆడియోను సాగదియ్యి.