సెల్ఫ్ కొడితే 'టక్' మని ఆగిపోతోంది, బ్యాటరీ కొత్తదే. ఎవరికైనా ఇలా అయిందా?

ఖమ్మం_కుర్రాడు
తొమ్మిదేళ్ల పెట్రోలు కారు, మాన్యువల్ గేరు. పొద్దున్నే సెల్ఫ్ బాగానే తీసుకుంటుంది. ఊళ్లో తిరిగి ఓ పావుగంట ఆపి మళ్లీ తాళం తిప్పితే ఒక్కసారి 'టక్', అంతే. డ్యాష్ లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. మెకానిక్ బ్యాటరీ అంటే మార్చాను, నెల కూడా కాలేదు. ఇప్పుడు సెల్ఫ్ మోటారు పోయిందంటున్నాడు. నిన్న రైతుబజారు ముందు ముక్కూ మొహం తెలియని నలుగురిని బతిమాలి తోయించుకున్నాం. మళ్లీ డబ్బు పెట్టే ముందు అడుగుతున్నా: వైరింగ్ అయ్యుండొచ్చా? ఎలా తెలుస్తుంది? సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేయడానికి కూలి ఎంత న్యాయం? ఇంకో మాట, నిరుడు ఫాగ్ లైట్లు బయట వేయించాను.

కాకినాడ_కారు
ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. మాది సముద్రం పక్క, ఆరు నెలలకోసారి తెల్లగా, పచ్చగా చిలుము పడుతుంది. పైకి శుభ్రంగా కనిపించినా క్లాంపు విప్పితే లోపల నల్లటి పొర ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. బాగా ఆరాక బిగించి పైన వాజెలిన్ రాయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. మా తమ్ముడు పాజిటివ్ ముందు విప్పబోయి పానా బాడీకి తగిలించాడు. ఆ మెరుపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

నల్గొండ_నాని
అన్నా, ఎలుకలు! బానెట్ ఎత్తి టార్చి వేసి చూడు. నాకు అచ్చం ఇలాగే సెల్ఫ్ తీసుకోలేదు. సోలనాయిడ్‌కి వెళ్లే సన్న వైరు కొరికి పారేసింది (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చే సోలనాయిడ్). రెండు చివరల్లో రాగి మెరుస్తూ ఉంది, కింద ప్లాస్టిక్ పొట్టు. అప్పటినుంచి బానెట్ కింద కలరా ఉండలు కడుతున్నా, మళ్లీ రాలేదు.

అనంత_డ్రైవర్
కలరా ఉండలు పెట్టొద్దు నానీ. ఆ వాసన ఏసీలోంచి లోపలికొస్తుంది. నా కారు ఎక్కిన ఒక తల్లి, పసిబిడ్డ ఊపిరాడక దిగిపోయారు. కొందరు పిల్లలకు ఆ గాలికే రక్తకణాలు విరిగిపోతాయని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను పొగాకు కాడలు గుడ్డలో కట్టి పెడతా.

నల్గొండ_నాని
పొగాకు నేనూ పెట్టా. ఆ మూట మీదే ఎలుక గూడు కట్టింది. అందరికీ పనిచేస్తుందని చెప్పకండి.

అనంత_డ్రైవర్
వారానికోసారి మార్చావా? ఎండిపోతే ఘాటు ఉండదు. పిల్లల మాట చెప్తుంటే నీకు ఎలుకే ముఖ్యమైపోయిందా?

నల్గొండ_నాని
నాకూ పిల్లలున్నారు. ఇవాళే తీసేస్తా, సరేనా? కానీ మీ పొగాకు మాత్రం పనికిరాదు.

పానా_బాబాయ్
ఎలుకల గొడవ ఆపండి. 28 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నా, లారీల నుంచి కార్ల దాకా. సన్న వైరు తెగితే 'టక్' కూడా రాదు. టక్ వచ్చిందంటే సోలనాయిడ్ దాకా కరెంటు వచ్చినట్టే. టెస్ట్ బల్బు పెట్టి మోటారు దగ్గర లావు వైరు చూడు. వెలిగిందా, వైరు మంచిదే, మోటారు విప్పు.

వోల్ట్_వాణి
బాబాయ్ గారూ, మొదటి మాట నిజం, రెండోది ఒప్పుకోను. టెస్ట్ బల్బు అర ఆంపియరు కూడా తీసుకోదు. సెల్ఫ్ మోటారు లాగేది 150 ఆంపియర్ల పైమాటే. లావు వైరులో పది పోగులు మిగిలినా బల్బు నిండుగా వెలుగుతుంది. 0.03 ఓమ్ అంటే లెక్కలోకి రానట్టుంటుంది, 150 ఆంపియర్ల దగ్గర అదే నాలుగున్నర వోల్టులు తినేస్తుంది.

ఖమ్మం గారూ, మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచండి. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టుకి (క్లాంపుకి కాదు), ఎర్రది ఇంజన్ మీద గీకిన ఇనుముకి. ఇంకొకరు తాళం తిప్పాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ (ఇంజన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కరెంటు తిరిగొచ్చే దారి) బాగాలేదు. పాజిటివ్ పోస్టు నుంచి మోటారు బోల్టు దాకా 0.5 దాటకూడదు. బ్యాటరీ కూడా ఆ సమయంలో 9.6 కిందికి పడకూడదు. వేడి మీద, టక్ మని ఆగిపోయే క్షణంలోనే చూడాలి, చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. టక్ మన్నప్పుడు హెడ్‌లైటు డల్ అవుతోందా?

పానా_బాబాయ్
అమ్మా, పుస్తకం చదివి చెప్పడం వేరు, బండి కింద పడుకోవడం వేరు. ఒక్క పోగున్న వైరుకి నీ మీటరు కూడా 12 చూపిస్తుంది. నా బల్బు కనీసం కొంత కరెంటు లాగి చూస్తుంది.

వోల్ట్_వాణి
లోడు లేకుండా చూస్తే మీటరూ మోసపోతుంది, అది ఒప్పుకుంటా. అందుకే తాళం తిప్పుతూ చూడమన్నా. నేనూ పదేళ్లుగా బండి కిందే పడుకుంటున్నా బాబాయ్ గారూ, పుస్తకం మాట వెనక్కి తీసుకోండి. బల్బుతో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వైర్లు గుచ్చి యూనిట్ కాల్చుకున్న బండ్లు నా దగ్గరికే వస్తాయి.

ఖమ్మం_కుర్రాడు
దయచేసి గొడవ వద్దు, టెన్షన్‌తో ఉన్నా. హెడ్‌లైటు అస్సలు డల్ అవ్వడం లేదు.

పానా_బాబాయ్
లైటు తగ్గలేదా? ఇది ముందే చెప్పాలి బాబూ! బ్యాటరీ మీద బరువే పడటం లేదన్నమాట. అయితే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, లేదంటే ఇంజన్ ఎర్త్. మీటరూ వద్దు, బల్బూ వద్దు. జంపర్ వైరు (వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేయడానికి వాడే లావు వైరు) ఒకటి తీసుకో. ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ ఇనుముకి గట్టిగా పట్టించు, బెల్టుకి, ఫ్యానుకి దూరంగా. బండి మొరాయించినప్పుడే చెయ్యి. స్టార్టయిందా, ఎర్త్ పట్టీ మార్చు.

కాకినాడ_కారు
నా టెర్మినళ్ల మాట ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్ల బ్యాటరీ అయితే...

ఖమ్మం_కుర్రాడు
దొరికింది! మధ్యాహ్నం ఎండలో తిప్పి ఆపాను, టక్ మంది. జంపర్ పట్టించి తాళం తిప్పగానే ఒక్క ఊపులో స్టార్టయింది. తీసేస్తే మళ్లీ టక్. గేర్‌బాక్సు దగ్గర అల్లిక పట్టీ ఒకటుంది, మట్టి పట్టి ఉన్నా చూడ్డానికి బాగానే ఉంది. 13 నంబరు పానాతో విప్పితే లగ్గు (బోల్టుకి బిగించే చివరి రింగు) దగ్గర పోగులన్నీ పచ్చగా మారి చేతిలోకే రాలిపోయాయి, నాలుగైదు మాత్రం మిగిలాయి. ఫాగ్ లైట్లు వేసినతను వాటి ఎర్త్ కూడా అదే బోల్టు కింద ఇరికించాడు, పట్టీ సరిగా ఆనలేదు. కొత్త పట్టీ వేసి, కింద ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాను. ఫాగ్ లైట్ల ఎర్త్ వేరే బోల్టుకి మార్చాను. సాయంత్రం దాకా వేడి మీద పదిసార్లు కొట్టాను, ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఆవిడ మీ అందరికీ దండం పెట్టమంది.

వోల్ట్_వాణి
చాలా సంతోషం. విప్పే ముందు మీటరు పెట్టారా, ఎంత చూపించింది?

ఖమ్మం_కుర్రాడు
పక్కింటాయన మీటరు తెచ్చి పెట్టాం మేడమ్. టక్ మన్నప్పుడు 8 దాటింది. పట్టీ మార్చాక 0.1.

పానా_బాబాయ్
జంపర్‌తోనే తేలిపోయింది కదా, మీటరెందుకు మళ్లీ?

వోల్ట్_వాణి
కొత్త పట్టీ బాగా పట్టిందో లేదో జంపర్ చెప్పదు బాబాయ్ గారూ. ఆ 0.1 చెప్పింది.