ఎడిసన్ (న్యూజెర్సీ): మావారు ఇంట్లోంచి పంపేశారు, బాబు స్కూల్, లాయర్ గురించి సలహా చెప్పండి

ప్రశ్న:
అక్కలకు, అన్నలకు నమస్తే. మావారి హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో ఈ ఏడాదే వచ్చాను. మావారు కొట్టి, నన్నూ బాబునూ బయటికి పంపేశారు. పక్క ఊళ్లో తెలిసినవాళ్ల బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇక్కడి స్కూల్లో ఇంటి లీజు అడుగుతున్నారు. లాయర్‌కి డబ్బు లేదు. కోర్టుకి వెళ్తే వీసా పోతుందని ఆయన బెదిరిస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, ముందు బాబు చదువు చూడు. ఇల్లు పోయి ఇంకొకరింట్లో సర్దుకుంటున్న పిల్లల్ని కూడా 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం ఇల్లు లేనివాళ్లుగానే లెక్కేస్తుంది. షెల్టర్‌లో ఉండి తీరాలని లేదు. లీజు, టీకాల కాగితాలు లేకపోయినా స్కూలు వెంటనే చేర్చుకోవాలి. పాత స్కూలే బాబుకు మంచిదైతే అక్కడే ఉంచి, బస్సు ఏర్పాటు చేయమని అడగొచ్చు. భోజనం ఉచితం. ఆఫీసులో వాదించకుండా "మెకిన్నీ-వెంటో లియేజాన్‌తో మాట్లాడాలి" అని చెప్పు. ఇల్లు లేని పిల్లల పని చూసే ఉద్యోగి అన్నమాట, ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒకరుంటారు. మనవాళ్లు చాలామంది పరువు పోతుందని ఈ మాట బయటపెట్టరు, నష్టపోయేది పిల్లలే.

ఇక కోర్టు. కొట్టాడు కాబట్టి రెస్ట్రెయినింగ్ ఆర్డర్ (నీ జోలికి రాకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అడగొచ్చు, ఫీజు లేదు, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కోర్టే ఇస్తుంది. లీజు ఆయన పేరునే ఉన్నా ఇల్లు వదిలి వెళ్లమని ఆయన్నే ఆదేశించే అధికారం జడ్జికి ఉంది. ఆర్డర్ అడిగినంత మాత్రాన వీసా పోదు. విడాకులైతే మాత్రం హెచ్-4 ఉండదు, అందుకే ఆయన పంపే ఏ కాగితం మీదా లాయర్ చూడకుండా సంతకం పెట్టకు. హెచ్-1బి భర్త చేతిలో హింస పడ్డవాళ్లు సొంతంగా వర్క్ పర్మిట్‌కి ఐ-765వి ఫారం వేసుకోవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు.

మరో జవాబు:
డబ్బు లేనివాళ్లకు ఉచితంగా న్యాయసాయం చేసే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీకి ఫోన్ చేయమ్మా, నంబరు 888-576-5529. ఫెడరల్ డబ్బుతో నడిచే లీగల్ ఎయిడ్ మామూలుగా హెచ్-4 వాళ్ల కేసు తీసుకోదు, కానీ గృహహింస బాధితులకు మినహాయింపు ఉంది. కాబట్టి మనకు రాదులే అని నువ్వే అనుకోకు, కొట్టిన సంగతి మొదటే చెప్పు. మానవి అనే సంస్థ 1985 నుంచి ఈ రాష్ట్రంలోనే దక్షిణాసియా ఆడవాళ్ల కోసం పనిచేస్తోంది. బేస్‌మెంట్ ఖాళీ చేయాల్సొస్తే 211 హెల్ప్‌లైన్‌కి డయల్ చెయ్యి, రాత్రయినా ఎత్తుతారు. లాయర్ కాని కన్సల్టెంట్లకు మాత్రం పైసా ఇవ్వకు.

ఇంట్లోంచి వచ్చేసిన టీనేజ్ పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, పై జవాబులో చెప్పిన స్కూల్ చట్టం మీకూ వర్తిస్తుంది. అమ్మానాన్నలు వెంట రాకపోయినా చేర్చుకోవాలి.

చెల్లీ, పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పెళ్లి సర్టిఫికెట్, ఆయన ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) వీటి ఫొటోలు ఆయనకు తెలియని ఈమెయిల్‌లో దాచుకో. ఫ్యామిలీ కోర్టు న్యూ బ్రన్స్‌విక్‌లో ఉంది. ఏ రోజు వెళ్తావో చెప్పు, కారులో తీసుకెళ్తాను, బాబును మా ఆవిడ చూసుకుంటుంది.