పిల్ల కట్టని గుడ్లు: తీసేయాలా, పొదగనివ్వాలా?

గూటి కాపు: మా పావురాల జంట పెట్టిన రెండు గుడ్లనూ 7వ రోజు రాత్రి ఫోను లైటుకు పట్టి చూశాను. ఎర్రటి నరాలు కనిపించాలి కదా, లోపలంతా ఒకే పసుపు వెలుగు. పెట్ట మాత్రం కదలకుండా కూర్చుంటోంది. ఇప్పుడే తీసేయమంటారా?

రెక్కల చప్పుడు: తీసేయండి. జీవం లేని గుడ్ల మీద ఇంకా పది రోజులకు పైగా కూర్చోబెట్టడం అన్యాయం. కుళ్లిన గుడ్డు పగిలితే గూడంతా కంపు.

తెల్ల ఈక: నేను ఒప్పుకోను. పావురాన్ని అరగదీసేది పొదగడం కాదు, గుడ్లు పెట్టడం. గుడ్లు తీసేస్తే పది రోజులు అటూ ఇటుగా మళ్లీ జత పెడుతుంది. పెంకుకు చాలని సున్నం దాని ఎముకల్లోంచే పోతుంది. నా నల్ల పెట్ట దగ్గర వరుసగా మూడు జతలు తీసేశాను. ఆఖరి గుడ్డు పెంకు వేలు తగలగానే తోలులా సొట్టపడింది. పెట్టేముందు అది మూలన రెక్కలు వాల్చి నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. తప్పు నాదే.

రెక్కల చప్పుడు: ఆల్చిప్పల పొడి పెట్టలేదా?

తెల్ల ఈక: పెట్టాను. వరుస కాన్పులకు అది చాలలేదు. ఇంకో సంగతి: పొదుగు చివరి రోజుల్లో పోతుకూ పెట్టకూ గొంతు సంచిలో పాలు ఊరతాయి. కూర్చున్న జంట ఉంటే, అదే సమయానికి పుట్టిన అనాథ పిల్లకు తల్లిదండ్రులు దొరికినట్టే.

పాత గూడు: ముందు లెక్క చూడండి. మొదటి గుడ్డు తర్వాత సుమారు 44 గంటలకు రెండోది వస్తుంది. అప్పటిదాకా పెట్ట గట్టిగా పొదగదు. మీ 7వ రోజు మొదటి గుడ్డు నుంచి లెక్కేస్తే, అసలు పొదుగు 5వ రోజే. పిల్ల బయటికి రావడానికి రెండో గుడ్డు నుంచి దాదాపు 18 రోజులు. రాత్రి మాత్రం కదపకండి. బెదిరి ఎగిరితే చీకట్లో పెట్ట గూటికి తిరిగి రాలేదు, గుడ్లు చల్లబడిపోతాయి. ఉదయం పొద్దెక్కాక పోతు వచ్చి పెట్టను లేపుతుంది. ఆ మార్పిడి సందులో పట్టి చూడండి.

గూటి కాపు: నేను మొదటి గుడ్డు నుంచే లెక్కేశాను. రెండు రోజులాగి, పోతు వచ్చిన వేళ చూశాను. ఒకదానిలో సాలెగూడులా సన్నటి నరాలు, నడుమ చిన్న నల్ల చుక్క! రెండోది ఖాళీ.

రెక్కల చప్పుడు: సంతోషం. ఆ ఖాళీదైనా తీసేయండి.

తెల్ల ఈక: వాసన రానంతవరకు ఉంచండి. ఒంటరి పిల్ల దానికి ఆనుకుని కూర్చుంటుంది.