హై ఫ్యాట్ డైట్‌కి కంట్రోల్‌గా చౌ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: సి57బిఎల్/6జె అనే ల్యాబ్ రకం మగ చిట్టెలుకలకి 12 వారాలు డి12492 అనే మేత (కేలరీల్లో 60 శాతం కొవ్వు) పెట్టబోతున్నాం. రెండో గుంపుకి రోజూ వేసే చౌ, అంటే ల్యాబ్ ఎలుకల మామూలు మేత. అందులో కొవ్వు ఎలాగూ తక్కువే కదా, కంట్రోల్‌గా (పోల్చి చూసే గుంపు మేతగా) పనికిరాదా? ఇంకోటి, మెటబాలిక్ కేజ్‌లో (ఎలుక పీల్చే, వదిలే వాయువుల్ని కొలిచే పంజరంలో) వచ్చే శక్తి వ్యయాన్ని కిలో బరువుకి లెక్కగట్టి చూపించొచ్చా?

జవాబు: పనికిరాదండీ. చౌ పెడితే మీరు మార్చేది కొవ్వు ఒక్కటే కాదు. అది గింజలు, సోయాపిండి కలిపి చేసేది. పేగు బ్యాక్టీరియా పులియబెట్టగల పీచు అందులో బాగా ఉంటుంది. డి12492లో ఉన్న పీచు సెల్యులోజ్ ఒక్కటే, అది పెద్దగా పులియదు. అందుకే ఇలాంటి ప్యూరిఫైడ్ డైట్ (శుద్ధి చేసిన పదార్థాలతో చేసే మేత) తిన్న ఎలుకల్లో సీకమ్ (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి), పెద్దపేగు చిన్నబడతాయి, కొవ్వు 10 శాతమే ఉన్నా సరే. రేపు బ్యాక్టీరియా తేడాలు చూపించి ఇదంతా కొవ్వు వల్లే అంటే రివ్యూయర్లు ఊరుకోరు. సోయాలోని ఐసోఫ్లేవోన్ల (ఈస్ట్రోజెన్‌లా పనిచేయగల మొక్కల పదార్థాల) గొడవ వేరే.

కంట్రోల్‌కి డి12450జె అనే ప్యూరిఫైడ్ డైట్ తెప్పించండి. కొవ్వు 10 శాతం, సుక్రోజ్ మాత్రం డి12492లో ఉన్నంతే, కేలరీల్లో 7 శాతం. డి12450బి వేరు, అందులో సుక్రోజ్ 35 శాతం. అంత పంచదారతో కంట్రోల్ ఎలుకల కాలేయంలోనూ కొవ్వు చేరొచ్చు. తేడా చివరి అక్షరంలోనే ఉంది, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోండి.

అడిగినవారు: డబ్బులు తక్కువ. చౌ పొడి చేసి పంది కొవ్వు కలుపుకుంటే?

ఇంకో జవాబు: వద్దు. 100 గ్రాముల చౌలో 310 కిలోకేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ ఉన్నాయనుకుందాం. ప్రొటీన్ వాటా 80 కిలోకేలరీలు, అంటే 26 శాతం. 30 గ్రాముల కొవ్వు కలిపితే మొత్తం 580 అవుతుంది, ప్రొటీన్ 14 శాతానికి దిగుతుంది. విటమిన్లు, ఖనిజాలదీ అదే దారి. కొవ్వు ప్రభావమా, ప్రొటీన్ లోటా అన్నది ఇక తేలదు.

మేత తూకం గురించి కూడా. డి12492 గ్రాముకి 5.24 కిలోకేలరీలు, కంట్రోల్‌ది 3.85. డి12492 అయితే 2.5 గ్రాములు తిన్నా, కంట్రోల్ మేత 3.4 గ్రాములు తిన్నా దాదాపు ఒకటే, 13 కిలోకేలరీలు. కాబట్టి గ్రాముల్లో పోల్చకండి. కొవ్వు పెల్లెట్ మెత్తగా ఉండి కింద రాలుతుంది. బెడ్డింగ్ (కేజ్‌లో కింద పరిచే పొట్టు) జల్లించి, రాలింది తూచి తీసేయకపోతే అదంతా తిన్న లెక్కలోకి పోతుంది. నిల్వ ఫ్రీజర్‌లో ఉంచి, కేజ్‌లోది వారానికి రెండు మూడుసార్లు మార్చండి, లేకపోతే కనరెక్కుతుంది.

మరొకరు: రెండో ప్రశ్నకి: బరువుతో భాగించొద్దు. 30 గ్రాముల ఎలుక రోజుకి 12, 45 గ్రాములది 14 కిలోకేలరీలు ఖర్చు చేస్తే, కిలోకి 400, 311 అని వస్తాయి. నిజానికి ఎక్కువ ఖర్చుపెట్టింది లావు ఎలుకే! కొవ్వు కణజాలం బరువు పెంచినంతగా ఖర్చు పెంచదు. ఎలుకకి ఇంత అని చూపించి, శరీర బరువునో, లీన్ మాస్‌నో (కొవ్వు కాని బరువునో) కోవేరియేట్‌గా పెట్టి యాంకోవా చేయండి, అంటే బరువు తేడాని లెక్కలోకి తీసుకుని గుంపుల్ని పోల్చే గణాంక పరీక్ష.

ఆర్‌ఈఆర్ (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కి, వాడిన ఆక్సిజన్‌కి ఉన్న నిష్పత్తి) తగ్గిందని సంబరపడొద్దు. పిండిపదార్థం మండితే 1.0, కొవ్వు మండితే 0.7, కొవ్వు తినే ఎలుకలో తగ్గడం మామూలే. గది 22 డిగ్రీల్లో ఉంటే ఖర్చులో పెద్ద భాగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే పోతుంది. వీలైతే 30 డిగ్రీల దగ్గర కూడా కొలవండి.

అడిగినవారు: చౌ నుంచి నేరుగా డి12492కి మార్చేయొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: ముందు అన్నిటికీ ఒక వారం డి12450జె పెట్టి, తర్వాత బరువులు సమానంగా వచ్చేలా గుంపులు విడదీయండి.