బ్యాంక్ సైట్‌ను బుక్‌మార్క్ చేసి పెడితే దొంగ సైట్ల బారిన పడకుండా ఉంటామా?

హన్మకొండ పోరడు:
మా బాపుకు నర్సంపేటలో ఎరువుల దుకాణం ఉంది. బిల్లుల కోసం ఒక కంప్యూటర్ పెట్టుకున్నాడు, డీలర్లకు పైసలు కూడా దాంట్లోంచే నెట్ బ్యాంకింగ్‌లో పంపుతాడు. అకౌంట్ మొదటి నుంచీ ఏపీజీవీబీలో (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్). 2025 జనవరి 1 నుంచి ఆ బ్యాంక్ తెలంగాణ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లో కలిశాయి కదా, అప్పటి నుంచి "మీ బ్యాంక్ విలీనమైంది, కేవైసీ అప్‌డేట్ చేయకపోతే అకౌంట్ ఆగిపోతుంది" అని లింకులతో మెసేజ్‌లు రావడం మొదలైంది. బాపు వాటిని నొక్కడు, ఆ టెన్షన్ లేదు. కానీ ప్రతిసారీ గూగుల్‌లో బ్యాంక్ పేరు కొట్టి, పైన ఏది కనిపిస్తే దాని మీద నొక్కుతాడు. పేరు మారాక ఏది అసలుదో నాకే గుర్తుపట్టడం కష్టంగా ఉంది, ఆయన సంగతి చెప్పేదేముంది.

బ్రౌజర్‌లో బ్యాంక్ అడ్రస్‌ను బుక్‌మార్క్‌గా దాచిపెట్టిచ్చి "ఇక దీన్నే నొక్కు" అని చెబుదామనుకుంటున్నా. మా బావేమో అదంతా పిల్లల ఆట, దాంతో ఏం కాదంటున్నాడు. నిజంగా ఉపయోగం ఉంటుందా?

కాజీపేట లోకో:
ఉంటుంది తమ్మీ, మీ బావ మాట పక్కన పెట్టు.

దొంగ సైట్‌కు మనం రెండు దారుల్లోనే ఎక్కువగా పోతాం. ఒకటి మెసేజ్‌లో లింకు, రెండోది మీ బాపు చేస్తున్నదే, వెతకడం. వెతికినప్పుడు పైన వచ్చేవాటిలో "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, అది పైసలు కట్టి పెట్టించుకున్న ప్రకటన. మోసగాళ్లు కూడా పైసలు కట్టి అక్కడికి ఎక్కగలరు, గూగుల్ వాళ్లు తీసేస్తూనే ఉంటారు, ఇంకోటి వస్తూనే ఉంటుంది. సైట్ చూడ్డానికి అచ్చం అసలుదే, లోగో అదే, రంగు అదే. కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తును చూసి నమ్మొద్దు, దాని అర్థం మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. దొంగ సైట్‌కు కూడా తాళం ఉచితంగా వస్తుంది.

బుక్‌మార్క్‌తో వచ్చే లాభం ఏంటంటే, ప్రతిసారీ అసలుదా నకిలీదా అని తేల్చుకునే పని ఉండదు. ఒక్కసారి తీరిగ్గా, కళ్లు తెరిచి చూసి పెట్టుకుంటాం, ఆ తర్వాత దుకాణంలో గిరాకీ ఉన్నా, కళ్లద్దాలు దొరకకపోయినా చేయి అక్కడికే పోతుంది. అంటే భారమంతా ఆ మొదటిసారి మీదే. గూగుల్‌లో వెతికి వచ్చిన పేజీనే బుక్‌మార్క్ చేశావనుకో, దొంగనే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టినట్టు. అడ్రస్ బ్రాంచ్‌లో అడిగి తీసుకో, లేదా కొత్త పాస్‌బుక్ మీదో బ్యాంక్ ఇచ్చిన కాగితం మీదో ఉంటే చూసి నువ్వే టైప్ చెయ్. ఒక్కో అక్షరం సరిచూసి అప్పుడు కంట్రోల్, డి కలిపి నొక్కు. బుక్‌మార్కుల పట్టీ కనిపించకపోతే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, బి.

ఇంకొకటి, రిజర్వ్ బ్యాంక్ మన బ్యాంకులన్నింటినీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అడ్రసులకు మారమంది, గడువు 2025 అక్టోబర్ 31. ఆ అడ్రసులు ఎవరికి పడితే వాళ్లకు అమ్మరు, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ (రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ) ఒక్కటే ఇస్తుంది, అదీ బ్యాంకులకే. స్టేట్ బ్యాంక్‌ది ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. అడ్రస్‌ను మాత్రం వెనక నుంచి చదవాలి. ముందు https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత మొదటి అడ్డగీత (/) వచ్చేదాకా ఉన్న భాగంలో చిట్టచివర "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" ఉండాలి, బ్యాంక్ ముందు డాట్‌తో సహా. మధ్యలో ఎక్కడో ఉండి, ఆ తర్వాత ఇంకో డాట్, ఇంకేదో పేరు ఉంటే అది ఆ ఇంకేదో వాడి సైటే.

లెక్కల అక్క:
నేను కరీంనగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తా. రోజూ బ్యాంకులు, ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ, పీఎఫ్ సైట్లు తెరుస్తూనే ఉంటాం, అన్నీ ఒకే ఫోల్డర్‌లో బుక్‌మార్కులే. పైన అన్న చెప్పింది నిజం, కానీ రెండు ఇబ్బందులు చెప్పలేదు.

లాగిన్ అయ్యాక లోపలి పేజీని బుక్‌మార్క్ చేస్తే మర్నాడు "సెషన్ ముగిసింది" అని వస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారంటే, ఇది పని చేయట్లేదని మళ్లీ గూగుల్‌కే పోతారు, మొత్తం కథ మొదటికొస్తుంది. అందుకే లాగిన్‌కు ముందుండే మొదటి పేజీనే పెట్టాలి. పేరు కూడా మార్చండి, బ్రౌజర్ పెట్టే పొడుగాటి ఇంగ్లిష్ పేరు తీసేసి తెలుగులో "మన బ్యాంక్" అని రాసిస్తే చాలు.

రెండోది, అడ్రస్ బార్‌లో రెండు అక్షరాలు కొట్టగానే మిగతాది అదే నింపేస్తుంది కదా, అది బుక్‌మార్క్ కాదు. ఎప్పుడైనా ఒకసారి తప్పు అడ్రస్‌కు పోయి ఉంటే దాన్నే గుర్తుపెట్టుకుని మళ్లీ చూపిస్తుంది. అలాంటిది కనిపిస్తే బాణం కీతో దాని మీదికి పోయి షిఫ్ట్, డిలీట్ కొట్టండి, పోతుంది.

మీసేవలోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో ఉన్న కంప్యూటర్‌లో మాత్రం బుక్‌మార్క్ ఉన్నా నమ్మకండి, అది ఎవరు పెట్టారో మనకేం తెలుసు. అసలు అక్కడ బ్యాంక్ పని పెట్టుకోవడమే వద్దంటాను.

జగిత్యాల టు దుబాయ్:
మీ బావ మాటలో కూడా కొంత నిజం ఉంది బ్రదర్. ఇప్పుడు మన దిక్కు జరుగుతున్న మోసాల్లో చాలావాటికి బ్రౌజర్‌తో పనే లేదు. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, కరెంటు బిల్లు అనో, పెండ్లి పత్రిక అనో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) పంపుతారు, ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కు వచ్చే ఓటీపీలు వాడు చదువుకుంటాడు. లేదంటే ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేసే యాప్ పెట్టిస్తాడు. మా రూమ్‌లో ఉండే అన్న వాళ్ల ఇంటికి అలాగే ఫోన్ వచ్చింది, వదిన గట్టిది కాబట్టి కట్ చేసింది. ఇలాంటి చోట బుక్‌మార్క్ ఏం చేస్తుంది? కంప్యూటర్‌లో బ్రౌజర్‌కు తగిలించే పిచ్చి ఎక్స్‌టెన్షన్లు ఉంటే బుక్‌మార్క్‌నే మార్చేయగలవు కూడా.

నేనైతే పాస్‌వర్డ్ మేనేజర్ వాడతా. అది అడ్రస్‌తో పాటు పాస్‌వర్డ్‌ను దాచుకుంటుంది, అడ్రస్ ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ నింపదు. మన కన్ను మోసపోతుంది, అది మోసపోదు. నింపలేదంటే అక్కడే ఆగి చూడాలి, కోపమొచ్చి చేత్తో టైప్ చేయొద్దు. కొన్ని బ్యాంకులు దాన్ని అసలు పని చేయనివ్వవు, అదొక తలనొప్పి.

హన్మకొండ పోరడు:
అందరికీ థ్యాంక్స్. పాస్‌వర్డ్ మేనేజర్ బాపుతో కాదు, ఆయన పాస్‌వర్డ్ యూరియా స్టాక్ రాసే రిజిస్టర్ వెనక ఉంటుంది (దాని మీద వేరే పంచాయితీ నడుస్తోంది). బుక్‌మార్కే పెడతా. రెండు డౌట్లు. రేపు బ్యాంక్ అడ్రస్ మారి, పాత బుక్‌మార్క్ నొక్కితే కొత్త అడ్రస్‌కు అదే పోతే అలాగే ఉంచొచ్చా? నిజంగానే బ్యాంక్ నుంచి కేవైసీ మెసేజ్ వస్తే ఎలా?

కాజీపేట లోకో:
ఉంచొద్దు. స్టేట్ బ్యాంక్ నెట్ బ్యాంకింగ్ మొదట డాట్ కామ్, తర్వాత డాట్ ఎస్‌బీఐ, ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్ అయింది. పాతది కొంతకాలం కొత్తదానికి పంపుతుంది, బ్యాంక్ ఎప్పుడైనా డాట్ కామ్ లాంటి పాత పేరును వదిలేస్తే ఇంకెవడైనా కొనుక్కోవచ్చు. పాతది తీసేసి కొత్తది పెట్టు, కొత్త అడ్రస్ మాత్రం బ్రాంచ్‌లో అడిగే తీసుకో.

మెసేజ్ నిజమైనదైనా సరే, లింకు ముట్టుకోవద్దు. బుక్‌మార్క్ నుంచి లోపలికి పోతే నిజంగా పెండింగ్ ఉన్న పని అక్కడ కనిపించే అవకాశం ఉంది. కనిపించకపోతే నర్సంపేట బ్రాంచ్ ఎంత దూరం, బాపును బండి మీద పొమ్మను.

లెక్కల అక్క:
ఇంకొక మాట. ఎప్పుడైనా దొంగ పేజీలో వివరాలు కొట్టేశారని అనుమానం వస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అదే సమయంలో ఇంకో ఫోన్ నుంచి బ్యాంక్‌కు చెప్పి అకౌంట్ ఆపించాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో తెచ్చిన నియమం ప్రకారం మనమే పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేసి ఉంటే, బ్యాంక్‌కు చెప్పేదాకా పోయిన పైసలు మన నష్టమే, చెప్పిన తర్వాత పోయేవి మాత్రం బ్యాంక్ భరించాలి. అందుకని ఎవరిని అడగాలి, ఇంట్లో తిడతారేమో అని సాయంత్రం దాకా ఆగితే నష్టం పెరుగుతుంది. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి, యూరియా రిజిస్టర్ వెనక అయినా పర్వాలేదు 😄 పాస్‌వర్డ్ మాత్రం అక్కడి నుంచి తీయించండి.